వయసు గడి

కామారెడ్డిలో కంప్యూటర్ నేర్చుకున్న కొత్తలో, ఎల్లారెడ్డి ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసే అక్క కోసం ఒక ప్రోగ్రాం తయారుచేశాను. వయసు గడిలో అంకె కానిది పడితే అది "తప్పు" అని చూపించి, రాసిందంతా చెరిపేసేది. అక్క ప్రతిసారీ తెర వైపు చూసి "తప్పయింది" అని మెల్లగా చెప్పి మళ్లీ మొదలుపెట్టేది.

ఒకరోజు నేను అక్కడున్నప్పుడే, జ్వరంతో వణుకుతున్న ఒక అవ్వ ఎదురుగా మూడుసార్లు చెరిగిపోయింది. అక్క "అరవై ఉంటయేమో" అని కొడుతోంది.

"ఉట్టి అరవై కొట్టరాదక్కా," అన్నాను.

"ఆమెకే తెల్వదు తమ్మీ. నేనెట్ల ఖరారు జేస్త?"

పేరు ఎక్కించకుండానే అవ్వను డాక్టర్ దగ్గరికి పంపేసింది. నాకు సిగ్గేసింది. అక్కడే కూర్చుని ప్రోగ్రాం మార్చాను. రాసింది చెరగదు, వయసు సరిగ్గా తెలియకపోతే సుమారుగా వేసి "అందాజ" అని నొక్కమంటుంది.

వారానికి అవ్వ మళ్లీ వచ్చి, కంప్యూటర్ తెర వైపు చూపించి అడిగింది.

"ఏమంటున్నది బిడ్డా?"

"తెల్వకున్నా ఏం గాదంటున్నదవ్వా," అంది అక్క.