వెనక నిలబడే బరువు

ఇసుకా కంకరా పొట్టూ లారీలకెత్తే ఆ యార్డులో లోడరు డ్రైవరును అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి అతను బావ అయ్యేది ఒక్కడికే. భార్య తమ్ముడు అక్కడే కూలీ. మనిషి పుష్టిగా ఉంటాడని ఆ బామ్మర్దికి బస్తా అని పేరు పెట్టారు.

లోడరుకు ముందు తగిలించి సరుకు ఎత్తే బకెట్లు రెండు. పెద్దది రంపపు పొట్టుకి. చిన్నది, మందంగా ఉండేది, ఇసుకకీ కంకరకీ. పెద్ద బకెట్టు నిండా పొట్టు ఎత్తినా బండికి లెక్కలేదు. అందులోనే తడి ఇసుక నింపితే వెనక చక్రాలు నేల విడుస్తాయి. ఈ సంగతి యార్డులో తెలియనివాళ్లు లేరు. సూపర్‌వైజరుకీ తెలుసు. కానీ బకెట్టు మార్చాలంటే పిన్నులు కొట్టి తీయాలి, మళ్లీ బిగించాలి, అంతసేపూ లారీలు నిలబడాలి. అందుకని చిన్న బకెట్టును గోడవారన తుప్పు పట్టనిచ్చి, బండి వెనక బరువు కోసం మనుషుల్ని ఎక్కించారు. ఇనుము చేయాల్సిన పని ఒళ్లు చేస్తుంది. దీన్ని అక్కడ ప్రమాదం అనరు, సర్దుబాటు అంటారు. ఎవరి ప్రాణంతో సర్దుకుంటున్నారో మాత్రం అడగరు.

బస్తాకి అదో గొప్ప. డ్రైవరు లేకపోయినా బండి నడుస్తుందేమో గానీ తను లేకపోతే బకెట్టు లేవదని నవ్వించేవాడు.

వాన పడ్డ రోజు బావ చేతుల్లో స్టీరింగు తేలిపోయింది. వెనక చక్రాలు లేచి దబ్బున దిగాయి. బస్తా జారి, కమ్మీ పట్టుకుని వేలాడి, మళ్లీ ఎక్కాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం తమ్ముడి మోచేతికి చర్మం లేచిపోయి ఉండటం చూసి భార్య ఏమైందని అడిగింది. బస్తా నవ్వుతూనే జరిగింది చెప్పాడు. ఆమె వడ్డించడం ఆపి మొగుడి వైపు తిరిగింది.

“బండికి ఏ బండరాయో కట్టుకోరాదూ? నా తమ్ముడే దొరికాడా?”

మర్నాడు బావ ఇంజను ఆపేసి, చిన్న బకెట్టు పెడితేనే ఇసుక ఎత్తుతానన్నాడు. సూపర్‌వైజరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

“భయమైతే దిగవయ్యా. పొట్టు దగ్గర చీపురు ఖాళీగానే ఉంది,” అని తాళంచెవి తీసుకుని ఇంకో డ్రైవరుకిచ్చాడు.

బస్తా అలవాటుగా బండి వెనక్కి నడిచాడు. బావ చెయ్యి పట్టి లాగాడు.

“ఒక్క ట్రిప్పే కద బావా.”

“మీ అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

బస్తా అతని వెంట నడిచాడు. ఇద్దరూ గేటు దాకా వచ్చేసరికి వెనక ఇంజను మొదలైంది. బావ తిరిగి చూశాడు. బస్తా నిలబడే చోట ఇద్దరు ఎక్కారు. అతని బరువుకి ఒక్కడు చాలలేదు మరి. వాళ్లకీ అక్కలుంటారు.

బస్తాను అక్కడే ఉండమని, బావ చెయ్యి వదిలి వెనక్కి నడిచాడు. నడక కాస్తా పరుగైంది. వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు. నెత్తి కంటే ఎత్తుకి లేచిన పెద్ద బకెట్టులోంచి ఇసుక నీళ్లు కారుతున్నాయి. ఇంజను ఆగలేదు.

అటు, వెనక చక్రాలకీ నేలకీ మధ్య, సన్నగా వెలుతురు కనిపిస్తోంది.