మూడు కాళ్ల నా ఎద్దు

మొన్న అమావాస్యకు మా ఇంట్లో ఒక ఎద్దు కాలు విరిగింది. ఎద్దు కాలు విరిగితే నేనెందుకు మూడు రోజులుగా వెనక సందులోంచి ఇంటికి పోతున్నానో చెప్తా, టీ చల్లారేలోగా వినండి.

తప్పంతా మా చిన్ని స్కూలుది. యూకేజీ ఫారంలో 'ఫాదర్స్ హాబీ' అని ఒక గడి పెట్టినారు. సిరుగుప్పలో రైస్ మిల్లు గుమాస్తాకు హాబీ ఏముంటుంది? పగలంతా లారీ లోడ్లు రాసుకోవడం, సాయంత్రం ఫోన్ చూసుకోవడం. ఆలోచించి ఆలోచించి 'గార్డెనింగ్' అని రాశాను.

మా ఆవిడ సుజాత భుజం మీదుగా తొంగి చూసింది. "ఇంట్లో ఉండే ఒక్క తులసి చెట్టు ఎండిపోయింది నీ చేతి మీదనే కదప్పా?" అంది.

సరిగ్గా అప్పుడే మట్టెద్దుల అమావాస్య వచ్చింది. తొలకరి రోజుల్లో మా బళ్ళారి పక్క ప్రతి ఇంట్లో మట్టితో రెండెద్దులు చేసి, పీట మీద పెట్టి పూజ చేస్తారు. ఎద్దులు చేసేది పిల్లలు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నేను మర్చిపోయింది ఇదే!

నాలుగు రోజుల ముందు చిన్ని నల్లమట్టి ముద్ద ముందేసుకుని కూర్చుంది. "ఎట్లా చేయాలో చూపిస్తా" అని నేనూ చిన్న ముద్ద తీసుకున్నాను. రెండు వేళ్లతో ఊరికే నొక్కానో లేదో, మూపురం దానంతట అదే వచ్చేసింది! ముప్పై ఏడేళ్లలో నా చేతికి ఏదీ దానంతట అది వచ్చింది లేదు. హాబీ దొరికేసింది, ఇంక నన్ను ఆపేదెవరు?

"నాయనా, నా ఎద్దు చూడు!"

"బాగుందమ్మా." తల ఎత్తితే కదా!

"నాయనా, నా మట్టి నువ్వు తీసుకుంటాండావ్!"

"నీ ఎద్దుకు అంత మట్టి ఎందుకు తల్లీ?"

'పిల్లల పని పిల్లల్నే చేసుకోనియ్యాలప్పా, మనం దూరకూడదు' అని మిల్లులో హమాలీలకు క్లాసులు పీకేది కూడా నేనే. మనవి చేస్తున్నాను.

మరుసటి రోజు హాఫ్ డే లీవు పెట్టాను. అగ్గిపుల్లతో ముక్కురంధ్రాలు, ఆవాలతో మెడగంటలు, పందెం ఎద్దుకు ఉన్నట్టు సన్నటి కాళ్లు. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. చిన్ని ఎద్దులు బోండాలకు రుబ్బురోలు పొత్రాలు కాళ్లుగా అతికించినట్టున్నాయి. ఒకదానికి ఒక కన్ను పెద్దది.

"ఈసారి పీట మీద నావి పెడదాం" అన్నాను.

"మరి బిడ్డవి?" అంది సుజాత.

"పక్కన... అదే, బియ్యం డబ్బా మీద."

చిన్ని కింది పెదవి బయటికొచ్చింది. "పూజకు నావి కదా" అంది మెల్లగా. వినబడింది. వినబడనట్టు నా ఎద్దు తోక సరిచేసుకున్నాను.

ఎండ లేదు. ముసురు. ఎద్దులు ఆరవు, అమావాస్య ఆగదు. టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని మిల్లుకు తీసుకుపోయి, వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ వేడిగాలికి నిలబెట్టాను. బాయిలరు చూసే మాబు సాబ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందప్పా ఇది! మన్ను ఇట్లా ఆరబెడితే లోపల పగుల్తాది. నీడన పెట్టి ఓర్చుకో."

"టన్నుల కొద్దీ వడ్లు ఆరబెట్టే మనకు రెండెద్దులు ఆరబెట్టడం రాదా మాబన్నా?"

గంటలో గలగలమని ఆరిపోయాయి. వేలితో కొడితే ఇత్తడి మోత!

పండగ పొద్దున నా జోడీ పీట ఎక్కింది. చిన్ని జోడీ బియ్యం డబ్బా ఎక్కింది. సుజాత కుంకుమ వేలితో నా ఎద్దు నుదుటిని ముట్టింది. టిక్! ముందుకాలు పోయింది. ఎద్దు ఒరిగి పక్కదాని మీద పడింది. పక్కది రెండు ముక్కలు!

చిన్ని నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వంగి చూసి, "దానికి నొప్పయిందా నాయనా?" అని అడిగింది. తర్వాత తన ఎద్దుల్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి పీట మీద పెట్టింది. ఆ పొత్రాల కాళ్లు ఇంత కూడా అదరలేదు. సుజాత ఆ రోజు గంట కొంచెం ఎక్కువసేపే వాయించింది.

కథ అక్కడితో అయిపోతే వెనక సందు ఎందుకు? పండగ మర్నాడు పిల్లలు ఒక ఎద్దు కాలు విరిచి, ఆ కుంటెద్దును పళ్లెంలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జొన్నలు అడగడం మా పక్క ఆనవాయితీ. ఈసారి మా వీధి పిల్లలకు విరిచే శ్రమ తప్పింది. ముందు మా చిన్ని, పళ్లెంలో నా కళాఖండం.

"ఎవరు చేసినారే ఈ కుంటెద్దును?" ప్రతి గడపలోనూ ఇదే ప్రశ్న.

"మా నాయన!" వీధంతా వినబడేటట్టు, గర్వంగా!

నేను తలుపు వెనక ఉన్నాను.

సాయంత్రం ఎదురింటి శంకరమ్మవ్వ పట్టుకుంది. "ఏమప్పా, నీ ఎద్దు శానా బాగుండాది. వచ్చే ఏడు ఎద్దుల అమాసకు మా మనవళ్లకూ ఒకటి చేసియ్యి."

నా ప్రాణం లేచొచ్చింది. "జోడీ చేసిస్తా అవ్వా!"

"జోడీ వద్దులే. ఆ కుంటిది ఒకటి చాలు. మంచివి పిల్లోళ్లు చేసుకుంటారు."

ఆర్డరు ఒప్పుకున్నాను. హాబీ అన్నాక మొహమాటం ఏముంది? ఇప్పటినుంచే ప్రాక్టీసు మొదలుపెడదామని నిన్న చిన్ని దగ్గర మట్టి అడిగాను. గోళీ అంత ముద్ద తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంతేనా తల్లీ?"

"నీ ఎద్దుకు అంత మట్టి ఎందుకు నాయనా? మూడు కాళ్లే కదా!"