పెద్దమ్మ గదిలో ఫ్యాను

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున, చేతికిచ్చిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది. నగరిలో మా మగ్గాల వీధి ఎరిగినవాళ్లకు ఈపాటికి కబురు చేరే ఉంటుంది. ఊపిరితిత్తులు చెడి పోయిందని చెప్పుకుంటున్నారు. నిజమే. అందులో నా పాలు కూడా ఉంది.

ఆమె మా అమ్మకు అక్క. నన్ను పెంచింది ఆమే. మా ఇంట్లో ముందు హాలంతా నాలుగు మరమగ్గాలు, మధ్యలో వంటిల్లు, వెనక పెద్దమ్మ గది. మగ్గాలున్న ఇంట్లో కిటికీలు తెరవరు. గాలి తగిలితే నూలు ఎండి పోగులు తెగుతాయి. కాబట్టి దుమ్ము ఇంట్లోనే లేచి ఇంట్లోనే వాలుతుంది. కూరగిన్నెకు మూత పెట్టి, మూత మీద గుడ్డ కప్పుతూ పెద్దమ్మ అనేది: "ఈ ఇంటికి నోరు పెద్దది నాయనా, ముక్కే లేదు." మగ్గాల మోతలో ఆ మాట కూడా అరిచే చెప్పాలి.

ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి. కూర్చుంటే వేళ్లు ఊరుకునేవి కావు, ఖాళీగా ఉంటే చీర కొంగునైనా చుట్టేది. ఆయాసం ముదిరాక తిరుపతి తీసుకెళ్లాను. ఇల్లంతా గాలి ఆడాలి, ఒక పక్క నుంచి మంచి గాలి వచ్చి ఇంకో పక్కకు చెడ్డ గాలి పోవాలి అన్నాడు డాక్టరు. నేను సగమే విన్నాను. నాకు ఎప్పుడూ తొందరే.

మరుసటి వారమే ఆమె గది గోడకు కన్నం కొట్టించి, గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాను. చలిగాలి కొడుతుందని, ఆమె మంచం పక్క ఓరగా తెరిచి ఉంచే ఒక్క కిటికీనీ మూసేశాను. వీధిలో నలుగురికీ చూపించుకున్నాను కూడా.

"ఎట్లుండాది పెద్దమ్మా?" అని రోజూ అడిగేవాణ్ణి.

"బాగుండాది నాయనా. గాలి కదలతా ఉండాది" అనేది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. చలికేమో అనుకున్నాను.

నెల తర్వాత ఫ్యాను తుడవబోతే రెక్కల నిండా ఎర్రటి నూలు దుమ్ము, దూదిలా మందంగా. ఆ నెలంతా మగ్గాల మీద ఎర్ర నూలే నడిచింది. అప్పుడు అర్థమైంది. కిటికీ మూసి ఫ్యాను తిప్పితే, అది గాలిని హాల్లోంచి కాక ఎక్కడి నుంచి లాక్కుంటుంది? నాలుగు మగ్గాల దుమ్మును ఆమె మంచం మీదుగా లాగించింది నేనే. స్టూలు దిగేశాను.

"ఎందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను. తప్పు నాది, కోపం ఆమె మీద.

"గోడ పగలగొట్టి అంత ముచ్చటగా పెడితివి. బాగలేదని యా నోటితో చెప్పేది?" అంది. నేను వచ్చే ముందు రోజూ దిండు దులిపి పెట్టేదట. ఆ సంగతి తర్వాత అమ్మ చెప్పింది.

ఆ రోజే ఫ్యాను పీకి హాల్లో వీధి గోడకు పెట్టాను. పెద్దమ్మ కిటికీ బార్లా తెరిచాను. పోగులు తెగితే తెగనీ అనుకున్నాను. కొండగాలి ఆమె గదిలోకి వచ్చి, వంటిల్లు దాటి, హాల్లోంచి బయటికి పోయేది. మూడు వారాలు కొంగు అడ్డం లేకుండా పడుకుంది. ఆమె పోయాక, ఇది నీ ఒక్క నెల పని కాదు, చిన్నప్పటి నుంచి ఆమె పీల్చిన దుమ్మిది అన్నాడు డాక్టరు. ఆయన మంచివాడు. ఆ మాటతో నాకేమీ తేలిక కాలేదు.

ఇప్పుడు మగ్గాలు ఆగి ఉన్నాయి. ఫ్యాను మాత్రం ఆపబుద్ధి కాక తిరగనిస్తున్నాను. ఆమె ప్రాణం పోయినచోట అమ్మ దీపం పెట్టింది. దాని జ్యోతి కిటికీ నుంచి వచ్చే గాలికి వంగి, హాలు వైపు సాగుతోంది. గాలి ఏ దారిన పోవాలో ఆ దారినే పోతోంది. నిన్న అమ్మ చూసి, "ఆ ఫ్యాను ఆపి, కిటికీ మూయి నాయనా, దీపం కొండెక్కతాది" అంది.

ఆపాను. కిటికీ మూశాను. దీపం నిటారుగా నిలబడి, కదలకుండా వెలగసాగింది.