కుర్రు మీద నూనె ప్రార్థన

గోదావరి నడుమ నీళ్లలో మిగిలిన దిబ్బను మా దిక్కు కుర్రు అంటారు. వెల్గటూర్ దాటి, బండ్లబాటలో నడిచి, పడవ ఎక్కితే వచ్చే అలాంటి కుర్రు ఒకదాని మీద మేం నాలుగేళ్లు ఉన్నాం. కొన్ని గుడిసెలు, మక్క చేన్లు, మిరప తోటలు, చుట్టూ నీళ్లు. ప్రభువును నమ్మిన ఇల్లు అక్కడ ఒక్కటీ లేదు. లేదనే బాపు అక్కడికి వెళ్లాడు. ఆయన సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. పని పడిపోయి తోటివాళ్లంతా భీవండి మగ్గాల మీద పనికి రైలెక్కుతుంటే ఈయన సువార్త చెప్తానని పడవ ఎక్కాడు. "ఊరందరిదొక తొవ్వ, ఉలిపికట్టెదొక తొవ్వ" అని అమ్మ పడవలోనే అనేసింది.

అక్కడ మా బతుకంతా ప్రార్థనే. కోడి కూయకముందే లేపేవాడు. తలా ఒక వచనం కంఠతా చెప్తేనే మక్కజొన్న గట్క గిన్నెలో పడేది. నేను అన్నిటికంటే చిన్న వచనం ఒకటి వెతికి పట్టుకొని రోజూ అదే చెప్పేదాన్ని. "దేవుని దగ్గర గూడ దొంగబుద్ధేనా?" అని బాపు తిట్టేవాడు. ఆకలైనవాళ్లకు దొంగబుద్ధి కాక ఏం పుడుతుంది? ఆయన కళ్లు మూసుకొని ప్రార్థిస్తుంటే కాళ్లు మాత్రం మగ్గం తొక్కుతున్నట్టు కదులుతూనే ఉండేవి. ఆదివారం వేపచెట్టుకు కట్టిన ఇనుప రేకును కొట్టి జనాన్ని పిలిచేవాడు. వానాకాలం ఏరు నిండితే పది పదిహేను రోజులు పడవ ఉండదు. ఉప్పు అయిపోయేది, కిరసనాయిలు అయిపోయేది, పాములు మాత్రం వచ్చేవి.

అమ్మకూ నాకూ ఒకటే కోరిక, కోరుట్ల. అక్కడ మా పెద్దమ్మ ఉంది, ఆమె ఇంటి వెనకే పెద్దబడి ఉంది. కుర్రు మీది బడి ఐదో తరగతితో సరి. ఐదు అయిపోయి ఏడాది దాటినా నేను మేకల వెంట తిరుగుతున్నాను. అమ్మ అడిగినప్పుడల్లా బాపు ఒకటే మాట అనేవాడు. "దేవుడు పంపిండు. ఆయన పొమ్మన్నదాక పోను." ఆ దేవుడు ఎప్పుడు పొమ్మంటాడా అని నేను ఆకాశం వైపు గుడ్లురిమి చూసేదాన్ని. నిజం చెప్తున్నా, ఆ వయసులో నాకు దేవుడి మీద ఒళ్లు మంటగా ఉండేది.

మా మాట విని ఆదివారం వచ్చి కూర్చున్న మొదటి మనిషి పక్కింటామె. కొండగట్టు అంజన్నకు మొక్కడమూ మానలేదు, మా దగ్గర పాడడమూ మానలేదు. "ఎవరు కాపాడితే ఏం?" అనేది. ఆమె బావ దుబాయి పోయి శవమై పెట్టెలో తిరిగొచ్చాడు. ఇప్పుడు వరదకు చేన్లో ఇసుక మేట వేసిందని ఆమె పెనిమిటి కూడా దుబాయికే బయలుదేరాడు.

అప్పటికే బాపు ప్రార్థన చేస్తే వీసా వస్తుందని ఒడ్డున పేరు పడింది. మేడిపల్లి నుంచి, మల్యాల నుంచి కూడా పాస్‌పోర్టులు పట్టుకొని పడవ ఎక్కి వచ్చేవాళ్లు. బాపు వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాడు, అంతే. నూనె జ్వరం వచ్చినవాళ్ల నుదుటికే. జగిత్యాల ఏజెంటుకు ఇవ్వాల్సిన రోజుకు ముందు సాయంత్రం పక్కింటామె కొంగులో పెనిమిటి పాస్‌పోర్టు పెట్టుకొని ఒక్కతే వచ్చింది.

"అయ్యగారూ, చెయ్యి పెడితే సాలది. జరం అచ్చినోళ్లకు నూనె పెడ్తరు గద, దీనికి గూడ పెట్టున్రి."

పొయ్యి దగ్గరి నుంచి అమ్మ అరిచింది. "అది కాయిదం, నొసలు కాదు!"

"నువ్వు అవిశ్వాసం మాటలు మాట్లాడకు" అని బాపు కసిరాడు. ఆమె పేజీ తెరిచి పట్టుకుంది. ఆయన కొబ్బరినూనెలో వేలు ముంచి, ఫోటో మీద చిన్న సిలువ గుర్తు గీశాడు. పోతూ పోతూ ఆమె, ఇంట్లో పిల్లకు జ్వరంగా ఉందని, నూనె సీసా కూడా అడిగి తీసుకుపోయింది.

మర్నాడు జగిత్యాలలో ఏజెంటు ఆ పాస్‌పోర్టు తెరిచి నలుగురిలో ఎత్తి చూపించాడట. "గిది పాస్‌పోర్టా, మిర్చి బజ్జీలు చుట్టుకచ్చిన కాయిదమా?" నూనె అట్ట నుంచి అట్టకు దిగింది. ఫోటోలో ముఖం లేదు. ఆ కొలువు వేరేవాడికి పోయింది.

ఆమె పెనిమిటి మా గడప దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. "మంచిగనే మొక్కిన్రు అయ్యగారు" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. కొట్టినా అయిపోయేది. బాపు అన్నం మానేశాడు. పొద్దంతా ఇసుకలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. జగిత్యాల వెళ్లి, తప్పు నాది, ఈయనది కాదు అని ఏజెంటు ముందు చేతులు జోడించి వచ్చాడు. ఆ ఆదివారం రేకు ఎంత కొట్టినా మేం ముగ్గురమే కూర్చున్నాం.

రెండు రోజులకు రేవులో అమ్మా నేనూ బట్టలు ఉతుకుతుంటే పక్కింటామె వచ్చి మా పక్కన కూలబడింది.

"అక్కా, అయ్యగారు బొట్టంతనే పెట్టిండు. ఇంటికి వోయి సీసా వంచింది నేను."

అమ్మ చేతిలో సబ్బు ఆగింది.

"మా బావను పెట్టెల పంపిన్రు. మొఖం సుత చూడనియ్యలే. గీయిన్ను గూడ గట్ల చూడ నాతోని గాదక్కా. గంజి తాగయినా ఈడనే బతుకుతం. అయ్యగారికి చెప్తే ఆయన కడుపుల దాగది. ఇంటాయనకు తెలిస్తే నన్ను సంపుతడు. చెప్తవా?"

అమ్మ ఏటి అవతలి ఒడ్డు వైపు చూసింది. "ఎవ్వలికీ చెప్ప" అంది. నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఒట్టెయ్యి" అంది. ఆ ఆడమనిషి కాపురం కాపాడడానికే అమ్మ ఒట్టు వేయించిందని అప్పుడు నమ్మాను.

మేం ఇంటికి వచ్చేసరికి బాపు గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. "దేవుడు నన్ను ఈడ ఒద్దంటుండు. కోరుట్లకు పోదాం" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదలు. అమ్మ "ఎందుకు" అనలేదు, "అయ్యో" అనలేదు. తడిబట్టలు ఆరేయకుండానే మూట కట్టడం మొదలుపెట్టింది. నిజం నా నాలుక చివరే ఉంది. ఒక్క మాట చెప్తే ఆయన లేచి అన్నం తినేవాడు, మళ్లీ రేకు కొట్టేవాడు. మేం అక్కడే ఉండిపోయేవాళ్లం. నేను పలక వెతుక్కున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నా, ఆ క్షణం నాకు పట్టరాని సంతోషం.

కోరుట్లలో పెద్దబడిలో చేరాను, బాగా చదివాను. పక్కింటామె పెనిమిటి మళ్లీ దుబాయి మాట ఎత్తలేదని, చేపలు పడుతున్నాడని విన్నాం. బాపు మాత్రం ఎవరు పాస్‌పోర్టు తెచ్చినా చేతులు వెనక్కి కట్టుకునేవాడు. రోజూ మా ఇంటి ప్రార్థన చివర, ఎంత అలసిపోయినా, ఒక మాట అనడం మానేవాడు కాదు. "ప్రభువా, నా చేతులతోని ఒక మనిషి నోటికాడి కూడు చెడగొట్టిన. నన్ను క్షమించు."

అమ్మ "ఆమెన్" అనేది. నేనూ అనేదాన్ని.