రేపమ్మ డాబా

మా వీధిలో బట్టలుతికే ఆవిడకి రేపమ్మ అని పేరు పెట్టింది నేనే. బళ్లో పిల్లలందరికీ పేర్లు పెట్టిన నోరు, రిటైరైతే మాత్రం ఊరుకుంటుందా! చీర ఏదమ్మా అంటే రేపు. దుప్పటి ఏదమ్మా అంటే రేపు.

మా ప్రార్థన మందిరంలో పరిచే జంపఖానాలు కూడా ఆవిడే ఉతికేది. ఆ స్థలం షాపింగ్ కాంప్లెక్సుకి కావాలని ప్రభుత్వం తీసేసుకుంది. ప్రజావసరమట. "మరి మనమెవరం, పశువులమా?" అంటూ మా మందిరం పెద్దాయన కోర్టు చుట్టూ తిరిగాడు. చెప్పులరిగాయి, అంతే. తాళాలిచ్చే ముందు అందరం చివరిసారి కలిసి కూర్చుందామనుకున్నాం. మావారు పోయాక నలుగురితో కూర్చునే చోటు నాకు అదొక్కటే. అది కూడా పోతోందని నా గుబులు.

ముందురోజు, మందిరానికి ఎదురుగా ఉన్న రేపమ్మ ఇంటికెళ్లి పోట్లాడాను.

"జంపఖానాలేవమ్మా? రేపే కదా ప్రార్థన!"

"రేపే ఇస్తానంటున్నాగా టీచరమ్మా! అరవకండి, ఇదేం మీ బడి కాదు."

తెల్లారి వెళ్లేసరికి అధికారులు మాకంటే ముందే వచ్చి సీలు వేసేశారు. పుస్తకాలు, దీపాలు, మావారు కొనిచ్చిన కుర్చీ, అన్నీ లోపలే. కిటికీలోంచి చూస్తూ రోడ్డు మీద నిలబడిపోయాం.

"ఇంకేముంది, ఎవరింటికి వాళ్లం పదండి" అన్నాడు పెద్దాయన.

ఎదురింటి డాబా మీంచి రేపమ్మ కేక వేసింది. "ఏంటలా దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు? పైకి రండి, జంపఖానాలు ఆరిపోయాయి. చెప్పులు మాత్రం కిందే విప్పండి, మళ్లీ ఉతకడం నా వల్ల కాదు!"

ఎక్కాం. డాబా నిండా మా జంపఖానాలే, ఎండకి వెచ్చగా. అడిగినప్పుడే ఇచ్చుంటే అవీ ఆ తాళం వెనకే ఉండేవి. ఆవిడ బద్ధకానికి మనసులోనే దండం పెట్టి, ఓ మూల చతికిలబడ్డాను. ఆవిడ ఏనాడూ మా ప్రార్థనలో కూర్చుంది లేదు. ఆ రోజూ కూర్చోలేదు. మేం కళ్లు మూసుకుంటే, మా మధ్య తిరుగుతూ క్లిప్పులు ఏరుకుంది.

ఇప్పుడు కాంప్లెక్సు లేచింది. ఇంకా ఆ డాబా మీదే ప్రార్థనకి కూర్చునే మా మీదే దాని లైట్లు పడతాయి, కరెంటు ఖర్చు కూడా లేదు! పెద్దాయనకే మొహమాటం, వారంవారం అడుగుతాడు.

"డాబా ఎప్పుడు ఖాళీ చెయ్యమంటావమ్మా?"

"రేపు చూద్దాం లెండి. కాస్త జరగండి, ఈ చీర ఆరెయ్యాలి."

ఆయన కంటే ముందు నేనే జరుగుతాను.