ఆనందభైరవి మీద జరీ అంచు

మొన్న హిందూపురంలో మా చెల్లెలి మనవరాలి పెళ్లి ఊరేగింపుకు బ్యాండు మేళాన్ని పిలిచారు. ఎర్రకోట్లు, జబ్బల మీద బంగారు కుచ్చులు, వెనకాల బండి మీద నిలువెత్తు స్పీకర్లు, అన్నీ సలక్షణంగానే ఉన్నాయి గాని, ముందు వరసలో ట్రంపెట్ పట్టుకున్న మనిషి బుగ్గలు మాత్రం పొంగడం లేదు. పాట స్పీకర్లలోంచి వస్తోంది. ఆయన ఊరికే బూరను పెదవులకు ఆనించుకుని నడుస్తున్నాడు. మధ్యలో ఒకసారి హాయిగా ఆవులించాడు కూడా, పాట ఆగలేదు. ముందు నవ్వొచ్చింది. ఇంటికి వచ్చి పడుకున్నాక నవ్వు దిగిపోయి మా చిన్నతాత గుర్తుకు వచ్చాడు. ఆయన్ను ఎరిగినవాళ్లు మా ఈడువాళ్లలో ఇద్దరో ముగ్గురో మిగిలుంటారు, వాళ్లకైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

చిన్నతాత అంటే మా నాయనకు చిన్నాయన. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పుట్టిన వంశం మాది. ఆయన పద్నాలుగో ఏట ఆ గుంతలోంచి లేచి బెంగుళూరు దండుకు, అదే కంటోన్మెంటుకు, పారిపోయి, తెల్లవాళ్ల బ్యాండులో నీళ్లు మోసి, తరువాత అదే బ్యాండులో బూర ఊది, ముప్పయ్యేళ్ల తరువాత హిందూపురం వచ్చి పెళ్లిళ్లకూ చావులకూ వాయిస్తూ స్థిరపడ్డాడు. నోటితో ఊదేది ఎంగిలి వాయిద్యమని, పైగా శవాల ముందు ఊదిన నోరని మావాళ్లు ఆయన్ను గడప తొక్కనివ్వలేదు. మరి గుళ్లో నాదస్వరం చెవితో ఊదుతారా అని నేను చిన్నప్పుడు ఒకసారి అడిగితే అవ్వ సమాధానం చెప్పలేదు గాని, నాయన వీపు మీద చెప్పాడు.

నాకు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం సగంలో ఉంది. ధర్మవరంలో నేసిన చీరల మూటలు హిందూపురం అంగళ్లకు రైల్లో చేర్చడం నా పని. ఆ పని పేరుతో చిన్నతాత గదికి వెళ్లేవాణ్ణి. బెల్లం మండీ వెనక ఒంటిగది. ఆ గదిలో ఈగలకు ఉన్నంత గౌరవం మనుషులకు ఉండేది కాదు. అప్పటికే ఆయనకు ముందుపళ్లు రాలిపోయాయి. పళ్లు లేనివాడు మొక్కజొన్న తిన్నా తినగలడేమో గాని ట్రంపెట్ ఊదలేడు. ఆ బూరను గోడమేకుకు తగిలించి, రోజూ చింతపండుతో తోమి, మళ్లీ మేకుకే తగిలించేవాడు.

మద్రాసులో ఆయన ఊదినవి మూడు గ్రామఫోను రికార్డులు ఉన్నాయని చెప్పగా విన్నాను. వాటి మీద ఆయన పేరు లేదు, నాటకాల్లో పద్యాలు పాడే ఆయన పేరుంది; చిన్నతాత ఆ పద్యాల వెనక బ్యాండులో ఒకడు. నాకు అప్పటికే రికార్డుల పిచ్చి. కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె ఒకటి సంపాదించి, ఎవరింట్లో మూలపడిన రికార్డున్నా ఎత్తుకొచ్చేవాణ్ణి. ఆయనవి రెండు హిందూపురంలోనే దొరికాయి, ఒకటి మూతబడిన హోటల్లో, ఒకటి క్షవరం అంగట్లో. లేబులు చూడకుండానే గుర్తుపట్టాను. నలుగురు ఊదుతుంటే ఒక్కడు మాత్రం తాళానికి కాస్త వెనకబడి, వేడి కాఫీ జుర్రినట్టు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ జుర్రే చప్పుడు ఈయనదే. ఊపిరి కోసం రికార్డులు కొన్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణేనేమో.

మూడోదాని కథ వేరు. పద్యాలాయనకు ఆ రోజు గొంతు పట్టేసింది, రికార్డుకు ఒక పక్క ఖాళీగా మిగిలింది, మూడు నిమిషాలు ఏదో ఒకటి ఊదమంటే చిన్నతాత ఒంటరిగా ఆనందభైరవి ఊదాడట. ఆయన ఈ మాట చెప్పినప్పుడల్లా హిందూపురం మేళగాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. ఇంగిలీషు బూరకు ఉండేవి మూడు మీటలు, అందులో స్వరాన్ని ఊపే గమకం పలకదని వాళ్ల లెక్క. మా నాయనకైతే ఆ లెక్క కూడా అక్కర్లేదు.

“మగ్గానికి మూడు పోగులు గట్టి చీర నేసినానని చెప్పినట్లుండాది,” అనేవాడు.

ఈ మాట ఎవరు చేరవేశారో, నేనే అయ్యుంటాను, చిన్నతాత దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. దగ్గు మొదలయ్యి మంచం పట్టాక మిగతా ఆశలన్నీ వదిలేశాడు, ఈ ఒక్కటి వదల్లేదు.

“యాడన్నా ఉంటాదిరా ఆ ప్లేటు. తెచ్చి మీ నాయనకు వినిపించు. పలికిండాదో లేదో వాన్నే చెప్పమను. ఆపైన నేను పోయినా బాధ లేదు,” అన్నాడు.

నువ్వు పోతే బాధపడాల్సింది మేము గదా తాతా, నీకెందుకుంటుంది అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వుకు దగ్గు వచ్చింది. దగ్గుకు ఏమొచ్చిందో తుడుచుకుని తువ్వాలు దిండు కింద పెట్టుకున్నాడు, నేను చూడనట్లు ఈగలు తోలాను.

అది పెనుకొండలో దొరికింది. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి చనిపోయిన మా దూరపు బంధువు ఒకాయనకు పాటల సరదా ఉండేదని తెలిసి, వేసవిలో ఒకరోజు మధ్యలో రైలు దిగి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, నాకు పిన్నమ్మ వరస, మంచినీళ్లిచ్చి, ప్లేట్లన్నీ పిల్లకాయలు పగలగొట్టినారప్పా, ఒకటే మిగిలిండాది అని వంటింట్లోకి చెయ్యి చూపింది. చింతపండు కుండ మీద మూతగా ఉంది. ఎండలకు మెత్తబడి, అంచులు కిందికి వంగి, కుంభకారుడు కొలిచి చేసినట్టు కుండకు సరిగ్గా అతికింది. లేబులు మీద ఆనందభైరవి అన్న అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి.

“దుడ్లేమొద్దు, ఎత్తుకపోప్పా. మద్దెలో బొక్కుండాది, చీమలు పోతాండాయి,” అన్నదామె.

గిన్నెలా వంగిన రికార్డు మీద ముల్లు నిలవదు. మరి ఒంపు తీయడం ఎలా? హిందూపురంలోనో బెంగుళూరులోనో తెలిసినవాణ్ణి అడిగి ఉండవచ్చు. నేను అడగలేదు. ముడతలు తీయడం మాకు ఇంకొకడు నేర్పాలా? మగ్గం దిగిన చీరను మడిచి, పైన చెక్కపలక వేసి బరువు పెడితే తెల్లారేసరికి కాగితంలా అణుగుతుంది. మూడు తరాలుగా మేము చేస్తున్నదే అది. రికార్డుకు దెబ్బ తగలకూడదని, మెత్తగా ఉంటుందని, మరునాడు అంగడికి పోవలసిన రుద్రాక్ష అంచు చీర మడతల మధ్య దాన్ని దోపి, ఎండకు కాగిన మిద్దె మీది బండపై పరిచి, పలక వేసి, పలక మీద అమ్మ సన్నికల్లు ఎత్తి, నా తెలివికి నేనే మురిసిపోతూ అన్నం తినడానికి దిగాను.

సాయంత్రం తీసి చూస్తే ఒంపు పోయింది. బల్లపరుపుగా, అద్దంలా ఉంది. ఒక్కటే లోపం. చీర అంచు అడ్డంగా పడిన చోట, ఈ చివర నుంచి ఆ చివరకు, జరీ రుద్రాక్షలు ఒక్కొక్కటే గీతల మీద చక్కగా అచ్చు పడ్డాయి. అది కూడా పద్యాల పక్క కాదు, ఆనందభైరవి పక్క. చీర మీద నల్లటి మరక. ధర్మవరంలో ఆ రోజు నేసిన అంచుల్లో అంత చెడ్డ చోట పడింది ఇంకొకటి ఉండదు.

నాయనకు ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన చీరను పక్కన పడేసి, రికార్డు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ రుద్రాక్షలను తడిమి, అంచు బాగా పడిండాది అన్నాడు. ఆ చీర అంగడికి పనికిరాకుండా పోయి అమ్మకు మిగిలింది. మరక లోపలికి దోపుకుని ఆమె దాన్ని కట్టింది. పట్టు నేసే ఇంట్లో మా అమ్మ పట్టు కట్టడం అదే మొదలు. మరునాడు పొద్దున నేను మూటతో, పెట్టెతో స్టేషనుకు పోయేసరికి నాయన ఉతికిన పంచె కట్టుకుని నాకంటే ముందే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

చిన్నతాత ఆయన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నాయన మంచం దగ్గరికి వెళ్లలేదు, గడప పక్క పీట మీద కూర్చున్నాడు. నేను కీ ఇచ్చి ముల్లు ఆనించాను. ఆ జుర్రిన ఊపిరి వినిపించింది. ఆ వెంటనే బూర, ఆ వెంటనే టక్కు. మళ్లీ బూర, మళ్లీ టక్కు. చుట్టుకు రెండు దెబ్బలు. రాగం పైకి ఎక్కబోతుంది, సరిగ్గా స్వరం ఊగవలసిన చోట రుద్రాక్ష అడ్డం వస్తుంది. రుద్రాక్ష దాటేసరికి రాగం ఎక్కేసి ఉంటుంది. ఎలా ఎక్కిందో ఎవరికి తెలుసు? ఊగుతూ ఎక్కిందో, నిచ్చెన మీద ఎక్కినట్టు మెట్టుమెట్టుగా ఎక్కిందో.

చిన్నతాత కళ్లు మూసుకుని విన్నాడు. “ఎవురబ్బా ఆ తాళమేసేది? నాకారోజు తాళగాడు లేడే,” అన్నాడు.

“మన మగ్గమే తాతా, అలవాటు మాన్లేక వచ్చిండాది,” అన్నాను. నిజం చెప్పే ధైర్యం లేనప్పుడు నాకు హాస్యం బాగా వచ్చేది.

మూడు నిమిషాలు అయిపోయాయి. ముల్లు చివరి గీతలో తిరుగుతుంటే ఎత్తడం మరిచిపోయాను. చిన్నతాత పెట్టె వైపు చూడలేదు, గడప వైపు తల తిప్పాడు.

“ఏమబ్బా, పలికిండాదా?”

నాయన పీట మీంచి లేచి తువ్వాలు దులుపుకుని, “ఒక పోగు తప్పిండాది చిన్నాయనా,” అని బయటికి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇళ్లల్లో చీర ఎంత గొప్పగా కుదిరినా బాగుంది అనరు, దిష్టి తగులుతుందని. నిజంగా నచ్చని చీరను మాట్లాడకుండా పక్కన పెడతారు. మనసు నిండా నచ్చితే, పెద్దవాడు దాన్ని రెండు చేతులా ఎత్తి, ఒక పోగు తప్పింది అంటాడు. అంతకు మించిన మెచ్చుకోలు మా నేతలో లేదు. నాయన నోట నేను నేసిన చీరకు ఆ మాట జీవితంలో ఒక్కసారి విన్నాను, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కాని పద్నాలుగో ఏట గుంతలోంచి లేచిపోయిన మనిషికి ఆ మాట గుర్తుందా? ముప్పయ్యేళ్లు దండులో, తెల్లవాళ్ల మధ్య, తప్పును తప్పనే చోట బతికిన మనిషికి? చిన్నతాత మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజం కదిలింది. నవ్వో, దగ్గో, ఇంకొకటో నాకు తెలియలేదు. వంగి ఆయన చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, తాతా అది తిట్టు కాదు అని. ప్రతిదానికీ ఒక వెక్కిరింత సిద్ధంగా ఉంచుకున్న నా నోట్లో ఆ పూట మామూలు మాట ఒక్కటి దొరకలేదు. ఈసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుని పెట్టె సర్దుకున్నాను. బయట నాయన బెల్లం మండీ గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. రైలుకు టైమైంది, పద అన్నాడు.

ఈసారి నేను వచ్చింది చావుకే. ఆయన ముందు వాయించడానికి హిందూపురంలో ఒక్క మేళమూ రాలేదు, ఒకప్పుడు ఆయన బూర వాళ్లకు పోటీ గదా. శవం నిశ్శబ్దంగా పోయింది. నాయన ముందు నడిచాడు.

ఇప్పుడు దేన్ని చూసినా పిల్లలు అద్భుతం అంటున్నారు. కూర అద్భుతం, చొక్కా అద్భుతం, మొన్న ఊరేగింపులో ఊదని బూర కూడా అద్భుతమే. మంచిదే, ఎవరూ మాట కోసం గోడవైపు తిరిగి పడుకోనక్కర్లేదు. పోగు తప్పింది అనే పెద్దలు పోయారు, ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లలో మా వీధిలో నేనే ఆఖరివాణ్ణి. ఆ రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లుగా వింటూ వింటూ, టక్కుమన్న ప్రతిచోటా పోయిన ముక్కను నా మనసే అతికించుకుంటూ వచ్చింది. ఇప్పుడు పెట్టె లేకపోయినా కళ్లు మూసుకుంటే ఆనందభైరవి ఒక్క తెంపూ లేకుండా మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తుంది, గమకాలతో సహా. అందులో ఆయన పలికించినవెన్నో, నేను అతికించినవెన్నో అడిగి తెలుసుకుందామంటే చిన్నతాత, నాయన ఇద్దరిలో ఒక్కరూ లేరు.