ఖాళీ పలక సున్నా కాదు

మార్కాపురంలో నాకు డేటాబేస్ ప్రోగ్రామింగ్ నేర్పిన మేడం పోయారని మొన్న కబురొచ్చింది. ఆఫీసులో అన్నం తింటూ విన్నాను. ఆ మధ్యాహ్నమంతా ఏదో మగతలో గడిచింది. కళ్ల ముందు స్క్రీన్ ఉంది గానీ, నేను మాత్రం పలకల కార్ఖానా మీద మేడం పాఠాలు చెప్పిన ఆ గదిలోనే ఉన్నాను. కింద రాయి కోసే చప్పుడు, కిటికీ మీద సన్నటి బూడిదరంగు దుమ్ము, కరెంటు పోయి మెల్లగా ఆగిపోతున్న ఫ్యాను.

మొదటి వారం మేడం మమ్మల్ని కంప్యూటర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. చెక్క ఫ్రేము బిగించిన పలకలు ఇచ్చేవారు. వేరియబుల్ అంటే ప్రోగ్రాంలో విలువ దాచుకునే చోటు. దాని పేరు ఫ్రేము మీద పెన్నుతో, విలువ పలక మీద బలపంతో రాయాలి. కొత్త విలువ వస్తే తడిగుడ్డతో పాతది తుడిచేయాలి. పేరు అట్లాగే ఉంటుంది. "ప్రోగ్రాంలో బిగిన్ అని పని మొదలుపెట్టకముందే కావాల్సిన పలకలన్నీ బల్ల మీద పెట్టుకోండి. మధ్యలో దేవులాడుకుంటే కుదరదు" అనేవారు. డిగ్రీ చదివిన మాకు పలకలేమిటని నాకు లోపల్లోపల కోపంగా ఉండేది.

మాది తర్లుపాడు దగ్గర పల్లె, గొర్రెల మీద బతికే ఇల్లు. రెండు నెలలు చూసి మానిపిస్తానని నాయన ముందే చెప్పాడు. అన్నట్టే ఒకరోజు గొంగడి భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రా అన్నా. నీ బిడ్డ ఏం నేర్చుకునిందో నువ్వే చూడు" అన్నారు మేడం.

నాయన కోసమే రాసిన ప్రోగ్రాం ఒకటి నా దగ్గరుంది. మాది, చిన్నాయనది, మామది, మూడు మందల లెక్కలూ డేటాబేస్ టేబుల్లో పెట్టాను. ప్రోగ్రాం ఒక్కొక్కటీ తీసి "మొత్తం" అనే వేరియబుల్లో కలపాలి. నడిపితే "మొత్తం గొర్రెలు" అని వచ్చింది. పక్కన ఏమీ లేదు.

"ఏంది పాపా, నా గొర్రెలు యాడికి పోయినాయి?" అన్నాడు నాయన.

చదువు అక్కడితో సరి అనుకున్నాను.

మేడం తిట్టలేదు. ఒక పలక ఫ్రేము మీద "మొత్తం" అని రాసి నా చేతికిచ్చారు. "దీనికి ఇరవై ఒకటి కలుపు."

"దేనికి కలపాలి మేడం? ఇందులో ఏం లేదుగా."

"అదే మరి. ఖాళీ పలక సున్నా కాదు పాపా. సున్నా అంటే లేవని తెలియడం. ఖాళీ అంటే ఏమీ తెలియకపోవడం. తెలియని దానికి ఎన్ని కలిపినా తెలియనట్టే."

ప్రోగ్రాం పైన వేరియబుళ్లను డిక్లేర్ చేసిన చోట, అంటే పలకలు బల్ల మీద పెట్టుకునే చోట, మొత్తానికి మొదటి విలువగా సున్నా పెట్టాను. ఈసారి అరవై మూడు వచ్చింది, పైకి చదివాను. నాయన స్క్రీన్ మీదికి వంగాడు.

"తప్పు. నిన్న నల్లది ఈనింది."

"అయితే నువ్వే మార్చు అన్నా" అని మేడం ఆయనకు మీటలు చూపించారు. మా మంద లెక్కలో ఇరవై ఒకటి ఇరవై రెండయింది. మొత్తం అరవై నాలుగు. నాయన చాలాసేపు దానివంకే చూశాడు. నన్ను మానమని ఆ రోజు అనలేదు, మరెప్పుడూ అనలేదు.

ఈ ఉద్యోగం ఆమె చలవే. ఆ మాట ఆమె ఉండగా ఒక్కసారి కూడా చెప్పలేదు, సిగ్గుగా ఉంది.

కబురు తెలిసిన సాయంత్రమే నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"బడి మొగం చూడనోణ్ని. ఆ పొద్దు ఒక్క పాఠం చెప్పింది" అన్నాడు. "నాక్కూడా ఆయమ్మే టీచరు పాపా."

ఆ మాటన్నాక ఫోను పెట్టలేదు. మంద ఇంటికి మళ్లినట్టుంది. గొర్రెల మెడల్లో గంటలు దగ్గరగా వచ్చి, ఆయన్ను దాటుకుని, మెల్లగా దూరమవుతుంటే ఇద్దరం వింటూ ఉండిపోయాం.